రోజుకో ఇరవై నిమిషాల జాజెన్: ఆసనం మీద మొదలై అంట్లగిన్నె దాకా

బౌద్ధంలోని ధ్యాన మార్గమైన జెన్ అనగానే చాలామంది ఆలోచనలన్నీ ఆగిపోయిన ఖాళీ మనసును ఊహించుకుంటారు. దానికోసమే కూర్చున్నవాళ్లు పది రోజుల్లో మానేస్తారు. ఎందుకంటే ఆలోచనలు ఆగవు. గుండె కొట్టుకున్నట్టే మనసు ఆలోచిస్తూ ఉంటుంది. జెన్‌లో నేర్చుకునే పని వేరు. మనసు ఎటో వెళ్లిపోయిందని గమనించాలి, ఉన్నచోటికి తిరిగి రావాలి. ఇరవై నిమిషాల్లో మనసు వంద సార్లు తప్పిపోయి వంద సార్లు వెనక్కి వస్తే, సాధన వంద సార్లు జరిగినట్టు లెక్క. అలా తిరిగి రావడాన్ని ఆసనం మీద నేర్చుకుంటాం. తర్వాత గిన్నె తోమేటప్పుడు, ఫోన్ చేతిలో ఉన్నప్పుడు, ఎవరో ఒక మాట అన్నప్పుడు దాన్నే వాడుకుంటాం. కింద చెప్పిన కొలతలు, జాగ్రత్తలు అన్నీ ఈ ఒక్క పనికోసమే.

సంస్కృతంలోని ధ్యానం పాళీలో ఝాన అయింది, చైనాలో చాన్ అయింది, జపాన్ చేరేసరికి జెన్ అయింది. 'జా' అంటే కూర్చోవడం. కూర్చుని చేసే ధ్యానం కాబట్టి జాజెన్. జెన్ గురుపరంపరలో బుద్ధుడి తర్వాత వరుసగా చెప్పే పేర్లలో ఆచార్య నాగార్జునుడు పద్నాలుగోవాడు, చైనాకు ధ్యానాన్ని తీసుకెళ్లాడని చెప్పే బోధిధర్ముడు ఇరవై ఎనిమిదోవాడు. ఇక్కడ వివరించే పద్ధతి ఎక్కువగా జెన్ శాఖల్లో ఒకటైన సోతోది. దాన్ని జపాన్‌లో నిలబెట్టిన దోగెన్ (1200–1253), చైనా నుంచి 1227లో తిరిగొచ్చాక 'ఫుకన్ జాజెన్‌గి' అనే చిన్న రచన చేశాడు. అందులో కాళ్లు ఎలా పెట్టాలి, చేతులు ఎక్కడ ఉంచాలి, కళ్లు మూయాలా వద్దా అన్న సంగతులకు పెద్ద చోటిచ్చాడు. ఒంటిని సరిగ్గా నిలిపితే మనసుకు సగం పని తగ్గుతుంది. అందుకే మనమూ ఒంటితోనే మొదలుపెడదాం.

చోటు, ఆసనం

ఇంట్లో ఒక గోడ పక్కన రెండు చాపలంత జాగా చాలు. గోడకు సుమారు ఒక మీటరు దూరంలో, దానికి ఎదురుగా కూర్చోవాలి. సోతో వాళ్లు గోడకేసి కూర్చుంటారు, రింజాయ్ అనే మరో జెన్ శాఖ వాళ్లు గది మధ్యకు తిరిగి కూర్చుంటారు. ఒంటరిగా సాధన చేసేవారికి గోడే మేలు, చూడటానికి అక్కడ ఏమీ ఉండదు. వెలుతురు మరీ ఎక్కువా వద్దు, చీకటీ వద్దు. గడియారం ఎదురుగా పెట్టుకోవద్దు. ఫోన్‌లో అలారం పెట్టి, దాన్ని వీపు వెనక చేతికందనంత దూరంలో ఉంచండి.

కూర్చునే గుండ్రటి దిండును జాఫు అంటారు. వెడల్పు సుమారు 35 సెంటీమీటర్లు, ఎత్తు 15 నుంచి 20. లోపల బూరుగుదూది గానీ బక్‌వీట్ గింజల పొట్టు గానీ దట్టిస్తారు. దాని కింద పరిచే చదరపు పరుపు జాబుటన్, మోకాళ్లూ చీలమండలూ దానిమీదే పట్టేంత ఉండాలి. ఇవి కొనాల్సిన పనేం లేదు. గట్టి దుప్పట్లు రెండు మడిచి, మీరు కూర్చున్నాక అణిగిన ఎత్తు 10 నుంచి 15 సెంటీమీటర్లు ఉండేలా చూసుకుంటే సరిపోతుంది. తల కింద పెట్టుకునే మెత్తటి దిండు మాత్రం పనికిరాదు. అయిదు నిమిషాల్లో కుంగిపోతుంది, తుంటి వెనక్కి వాలుతుంది, నడుము గూని అవుతుంది.

ఎత్తు సరిపోయిందో లేదో చెప్పే పరీక్ష ఒకటుంది. కూర్చున్నాక మూడు చోట్ల బరువు నేలకు దిగాలి: రెండు మోకాళ్లు, పిరుదులు. మోకాలు గాల్లో ఉంటే ఆసనం ఎత్తు పెంచండి. అప్పటికీ ఆనకపోతే మోకాలి కింద మడిచిన తువ్వాలు పెట్టండి. ఎత్తు మరీ ఎక్కువైతే నడుము లోపలికి వంగి, పది నిమిషాలకు నడుము కింది భాగం పట్టేస్తుంది. తక్కువైతే వీపు గూని అవుతుంది, నొప్పి మెడలోనూ భుజాల్లోనూ తేలుతుంది. మెడ నొప్పి పుడితే చాలామంది మెడను సర్దుకుంటూ ఉంటారు. చూసుకోవాల్సింది కింద ఉన్న దిండు ఎత్తును.

ఇంకో మాట. దిండు మొత్తాన్నీ ఆక్రమించి కూర్చోవద్దు, ముందు వైపు మూడో వంతు మీదే కూర్చోండి. వెనక్కి జరిగి కూర్చుంటే దిండు అంచు తొడల కింద నరాన్ని నొక్కుతుంది. కాళ్లు తిమ్మిరెక్కడానికి చాలాసార్లు కారణం ఇదే.

కాళ్లు

కొత్తవాళ్లకు అన్నిటికన్నా నప్పేది బర్మా పద్ధతి. రెండు కాళ్లూ మడిచి, ఒక పాదం ముందు మరో పాదం, రెండూ నేలమీదే ఆనేలా పెట్టాలి. కాలి మీద కాలు వేయకూడదు. మామూలుగా బాసింపట్టు వేసుకునేటప్పుడు చీలమండ మీద రెండో కాలి బరువు పడుతుంది, పదిహేను నిమిషాలు దాటితే అక్కడ నొప్పి మొదలవుతుంది. బర్మా పద్ధతిలో ఆ ఇబ్బంది ఉండదు.

అర్ధపద్మాసనంలో ఎడమ పాదాన్ని కుడి తొడ మీద పెడతారు. ఎప్పుడూ ఒకే కాలు పైన ఉంచితే తుంటి ఒక పక్కకు ఒరుగుతుంది కాబట్టి రోజు మార్చి రోజు కాలు మార్చండి. పద్మాసనం స్థిరమైనదే. కానీ అది మోకాలి బలంతో వేసేది కాదు, తుంటి కీలు తిరిగితేనే పడేది. తుంటి తిరగనప్పుడు పాదాన్ని చేత్తో లాగి పైకి పెడితే, ఆ మెలి అంతా మోకాలి లోపలి మృదులాస్థి మీద పడుతుంది. అక్కడ దెబ్బ తగిలితే మానడానికి నెలలు పడుతుంది. పద్మాసనం పడకపోవడం సాధనలో లోపం కాదు.

వజ్రాసనంలో కూర్చునేవాళ్లు మడమల మధ్య దిండును నిలువుగా పెట్టుకుని దాని మీద బరువు వేయాలి. నేలమీద కూర్చోలేనివాళ్లకు కుర్చీ ఉంది. కుర్చీలో సగం ముందుకు జరగండి, వీపు ఆనించవద్దు. పాదాలు రెండూ పూర్తిగా నేలను తాకాలి, మోకాళ్లు తుంటి కన్నా కాస్త కిందుగా ఉండాలి. పొడవైనవాళ్లు కుర్చీ మీద దుప్పటి మడిచి వేసుకోవాలి, పొట్టివాళ్లు పాదాల కింద లావుపాటి పుస్తకాలు పెట్టుకోవాలి. కుర్చీ అంటే రెండో తరగతి సాధన అనుకునేవాళ్లున్నారు. ఆ మాట పట్టించుకోవద్దు.

నడుము నుంచి కళ్ల దాకా

కాళ్లు కుదిరాక ఒళ్లంతా కుడి ఎడమలకు ఊపండి. మొదట పెద్దగా, తర్వాత తగ్గిస్తూ ఏడెనిమిది సార్లు. ఊగి ఊగి లోలకం నడిమధ్య ఆగినట్టు ఆగిపోవాలి. వెన్ను నిలబడాల్సిన చోటు అదే. తుంటిని కొద్దిగా ముందుకు వంచి, నడినెత్తిని ఎవరో దారంతో పైకి లాగుతున్నట్టు మెడ వెనక భాగాన్ని సాగనివ్వండి. గడ్డం కాస్త లోపలికి. చెవులు భుజాలకు సూటిగా, ముక్కు బొడ్డుకు సూటిగా ఉండాలని దోగెన్ చెప్పిన కొలత. అద్దం ముందు పక్కకు తిరిగి ఒక్కసారి చూసుకుంటే, తల ఎంత ముందుకు పొడుచుకొచ్చిందో చాలామందికి అప్పుడు తెలుస్తుంది. రోజంతా తెరల మీదికి వంగి ఉండే మెడలు మనవి.

చేతులు: కుడి అరచేతిలో ఎడమ చేతి వెనకభాగం ఉంచండి, రెండు అరచేతులూ పైకి. బొటనవేళ్ల కొనలు ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు తాకాలి, మధ్యలో ఒక కాగితం పడితే జారిపోకుండా ఆగేంత. చిటికెన వేళ్ల వైపు పొట్టకు, బొడ్డు కింద ఆనించండి. మోచేతులు పక్కటెముకలకు అతుక్కోకుండా కాస్త ఎడంగా. ఈ బొటనవేళ్లు మీ లోపలి సంగతి చెప్పేస్తాయి. అవి కుంగి అరచేతిలోకి పడిపోతే కునుకు వస్తోందని గుర్తు. గోపురంలా పైకి లేచి ఒకదాన్నొకటి నొక్కుకుంటుంటే లోపల బిగుసుకుపోతున్నారని గుర్తు. మధ్యమధ్య వాటిని గమనిస్తే చాలు, మనసు స్థితి వేరే వెతుక్కోనక్కర్లేదు.

నోరు మూసి, నాలుక కొనను పైపళ్ల వెనక అంగిలికి ఆనించండి. ఉమ్మి ఊరితే ఒకసారి మింగి వదిలేయండి. కళ్లు పూర్తిగా మూయవద్దు. చూపును 45 డిగ్రీల కిందికి దించి, సుమారు మీటరు దూరంలో పడనివ్వండి, దేన్నీ పట్టి చూడవద్దు. కళ్లు మూస్తే మొదటి రెండు నిమిషాలు హాయిగా ఉంటుంది, ఆ తర్వాత అయితే నిద్ర, లేకపోతే కలలు. జెన్‌లో కళ్లు తెరిచి ఉంచమనేది, ఆసనం మీదున్న మనసు లేచి పనిలోకి వెళ్లినప్పుడు కూడా అదే మనసుగా ఉండాలని.

చివరగా నోటితో ఒక్కసారి ఊపిరంతా నిదానంగా వదిలేయండి. ఆపైన అంతా ముక్కుతోనే.

ఊపిరి లెక్క

ఊపిరిని మార్చకూడదు, లోతుగా తీయాలని ప్రయత్నించకూడదు. అది వచ్చినట్టు రానివ్వండి. ఊపిరి వదిలేటప్పుడు మనసులో 'ఒకటి' అనండి, పీల్చేటప్పుడు ఏమీ అనకండి. మళ్లీ వదిలేటప్పుడు 'రెండు'. ఇలా పది దాకా వెళ్లి, మళ్లీ ఒకటి. అంకెను చటుక్కున అనేసి ఊరుకోవద్దు, ఊపిరి బయటికి పోయినంత సేపూ 'ఒ...క...టి' అంటూ సాగదీయాలి. 'పది' చిన్న మాట కదా, సాగదీయడం మరిచిపోతారు. అక్కడే మనసు సందు చూసుకుని జారిపోతుంది.

లెక్క తప్పితే, పది దాటి పదమూడుకు చేరితే, ఎంత దాకా వచ్చామో గుర్తులేకపోతే ఒకటికి రండి. 'నాలుగో అయిదో అయ్యుంటుంది' అని ఊహించి కొనసాగించవద్దు. రోజుల తరబడి ఒక్కసారి కూడా పదికి చేరకపోవడం మామూలే. ఇంకో పొరపాటు దీనికి వ్యతిరేకంగా ఉంటుంది: లెక్క నోటికి వచ్చేసి, వెనక కథలు నడుస్తున్నా ముందు అంకెలు సాగిపోతుంటాయి. అలా అనిపిస్తే ఒకటి నుంచి పదికి బదులు, ఒకటి నుంచి అయిదు దాకే లెక్కించి మళ్లీ మొదలుపెట్టండి. త్వరగా వెనక్కి రావలసి రావడంతో మనసు మేలుకుంటుంది.

కొందరికి ఊపిరిని గమనించగానే అది బిగుసుకుపోతుంది, ఛాతీలో పట్టేసినట్టవుతుంది. ధ్యాస ముక్కు దగ్గరో ఛాతీ దగ్గరో ఉండటం దీనికి కారణం. ధ్యాసను బొడ్డు కిందికి, చేతులు పొట్టను తాకే చోటికి దించండి. ఊపిరి లోపలికి వస్తే అక్కడ చేతులు ఒక వెంట్రుకవాసి కదులుతాయి. ఆ కదలికనే లెక్కపెట్టండి.

తప్పిపోయిన ఒక్క క్షణాన్ని దగ్గర్నుంచి చూద్దాం. లెక్క నాలుగు దగ్గర ఉంది. వీధిలో బండి ఆగిన చప్పుడు. 'ఎవరో వచ్చారు' అన్నది మొదటి ఆలోచన, ఇంతవరకూ ఏం తప్పులేదు. 'ఇంత పొద్దున్నే ఎవరు' అన్నది రెండోది. 'నిన్న ఫోన్ చేస్తానని మరిచిపోయాను' అన్నది మూడోది. నాలుగో దానికల్లా మీరు ఫోన్‌లో మాట్లాడేస్తున్నారు, అవతలి మనిషి జవాబు కూడా మీరే చెప్పేస్తున్నారు, దవడ బిగిసింది. అప్పుడు ఉన్నట్టుండి తెలుస్తుంది: గోడ, చేతులు, ఊపిరి. ఆ తెలియడాన్ని మీరు ప్రయత్నించి తెచ్చుకోలేదు, అదే వచ్చింది. మీ వంతు పని ఆ తర్వాతి ఒక్క సెకనుదే. 'మళ్లీ తప్పానే' అని తిట్టుకుంటే అది అయిదో ఆలోచన. దవడ వదిలి, బొటనవేళ్లు చూసుకుని, 'ఒకటి' అనండి. అంతే.

ఎంతసేపు, ఎప్పుడు

మొదటి రెండు వారాలు పది నిమిషాలు. తర్వాతి రెండు వారాలు పదిహేను. రెండో నెల ఇరవై. ఒంటరిగా కూర్చునేవారికి అక్కడే ఆగినా సరిపోతుంది, కావాలంటే ఇరవై అయిదుకు వెళ్లండి. మఠాల్లో ఒక విడత సుమారు నలభై నిమిషాలు, ఒక అగరువత్తి కాలిపోయేంత సేపు. ఇంట్లో అంత అక్కర్లేదు. ఆదివారం గంటసేపు కూర్చుని మిగతా ఆరు రోజులూ మానేయడం కన్నా రోజూ పది నిమిషాలు నయం. తిన్న వెంటనే వద్దు, కనీసం గంటన్నర ఆగండి. కడుపు నకనకలాడుతున్నప్పుడూ వద్దు. పొద్దున్నే, ఫోన్ తెరిచి చూడకముందే కూర్చోగలిగితే అన్నిటికన్నా మంచిది. ఒకసారి సందేశాలు చదివాక మనసు వాటికి జవాబులు రాస్తూనే ఉంటుంది.

కనీసం మూడు నెలలు లెక్కతోనే ఉండండి. ఆ తర్వాత అంకెలు వదిలి ఊపిరిని మాత్రమే అనుసరించవచ్చు. దాని తర్వాతది శికంతాజా, అంటే వట్టిగా కూర్చోవడం. ఊపిరి అని కూడా ఎంచుకోకుండా, మెలకువగా ఉండిపోవడం. చదివితే అన్నిటికన్నా సులువుగా అనిపించేది ఇదే, చేస్తే కష్టమైనది కూడా ఇదే. లెక్కలో గట్టిపడకుండా ఇందులోకి దిగితే పగటికలకు పెద్ద పేరు పెట్టుకున్నట్టవుతుంది.

ఏం తప్పుతుంది, ఎందుకు

ధ్యానానికి అడ్డుపడేవి అయిదని బుద్ధుడు చెప్పాడు, వాటిని నీవరణాలు అంటారు: కోరిక, ద్వేషం, మగత, చంచలత్వం, సందేహం. వీటిలో రోజూ ఎదురయ్యేవి మగత, చంచలత్వం.

మగత వస్తే ముందు కళ్లు పెద్దవి చేసి చూపు కాస్త పైకెత్తండి, నడుము మళ్లీ నిలబెట్టండి, రెండు మూడు ఊపిరులు గట్టిగా తీసి వదలండి. తగ్గకపోతే లేచి నిలబడి లెక్క కొనసాగించండి. వారం రోజులుగా ప్రతిపూటా కునుకే వస్తుంటే అది ధ్యానం సమస్య కాదు, నిద్ర చాలడం లేదు. అలారం పెట్టి మరో గంట పడుకోండి. చంచలత్వానికి మందు దీనికి వ్యతిరేకం: చూపు దించండి, ఊపిరి వదిలే భాగాన్ని బలవంతం లేకుండా కాస్త నిడివిగా పోనివ్వండి, ధ్యాస పొట్ట కింద పెట్టండి. అతిగా ప్రయత్నించి అరికాళ్లు చితికి నెత్తురొచ్చేదాకా నడిచిన సోణ అనే భిక్షువుకు బుద్ధుడు వీణ తీగ ఉదాహరణ చెప్పాడు. సోణ ఇల్లు విడవకముందు వీణ వాయించేవాడు. తీగ మరీ బిగిసినా పలకదు, వదులైనా పలకదు అంటే అతనికి వెంటనే అర్థమైంది.

నొప్పి మూడు రకాలు, మూడింటికీ ఒకే జవాబు లేదు. కండరం లాగుతున్న నొప్పి అయితే మూడు నాలుగు ఊపిరుల పాటు దాన్ని చూడండి. ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోంది, ఒకేలా ఉందా మారుతోందా అని. చాలాసార్లు మారుతుంది. తగ్గకపోతే చేతులు జోడించి నెమ్మదిగా కాలు మార్చుకోండి, అందులో ఓటమి లేదు. తిమ్మిరి వల్ల హాని పెద్దగా లేదు. కానీ తిమ్మిరి కాలుతో లేచి నిలబడితే చీలమండ మడతపడి పడిపోతారు, గాయాలయ్యేది అప్పుడే. కాలికి తెలివి వచ్చేదాకా ఒకటి రెండు నిమిషాలు ఆగి లేవండి. మోకాలి లోపల సూదితో గుచ్చినట్టు నొప్పి వస్తే మాత్రం ఓర్చుకోవద్దు, ఆ క్షణమే కాలు తీసేయండి.

గోడ మీద రంగులు, వెలుగులు, ఒళ్లు తేలిపోతున్నట్టు, చేతులు పెద్దవైపోయినట్టు కొందరికి అనిపిస్తుంది. జపాన్‌లో వీటిని మాక్యో అంటారు. పట్టుకోవలసినవీ కావు, భయపడవలసినవీ కావు. కళ్లు ఒకసారి ఆర్పి, ఒకటి నుంచి మొదలుపెట్టండి. కానీ కూర్చున్నప్పుడల్లా గుండెదడ, ఊపిరాడని భయం, పాత భయంకర జ్ఞాపకాలు, లేదా తాను తానుగా లేనట్టు అనిపించి అది లేచాక కూడా పోకపోతే, కూర్చోవడం ఆపేయండి. అది 'దాటాల్సిన దశ' అని ఎవరు చెప్పినా వినవద్దు. నడక, పని, మనుషులతో మాట్లాడటం పెంచి, మానసిక వైద్యులను కలవండి. ధ్యానం చికిత్సకు ప్రత్యామ్నాయం కాదు. హకుయిన్ అంతటి 18వ శతాబ్దపు రింజాయ్ గురువు కూడా యౌవనంలో తీవ్రంగా సాధన చేసి జబ్బుపడి, కోలుకోవడానికి వేరే దారి వెతుక్కున్నాడు.

లేవడం, నడవడం

అలారం మోగగానే చటుక్కున లేస్తే కూర్చున్నదంతా అక్కడే వదిలి వెళ్లినట్టు. మొదట చేతులు తొడల మీద పెట్టి, ఒళ్లు కుడి ఎడమలకు ఊపండి. ఈసారి చిన్నగా మొదలుపెట్టి పెద్దగా. కాళ్లు చాపి, నిదానంగా లేవండి. వెనక్కి తిరిగి, కుంగిన దిండును రెండు చేతులతో నొక్కి తిప్పి, మళ్లీ గుండ్రంగా చేసి పెట్టండి. మఠంలో ఇది తప్పనిసరి పని.

రెండు విడతల మధ్య చేసే నడక కిన్‌హిన్. ఎడమచేతి బొటనవేలు లోపలికి పెట్టి పిడికిలి బిగించి ఛాతీకి ఆనించి, దాన్ని కుడి అరచేత్తో కప్పండి. ఒక ఊపిరికి అర అడుగు, అంటే పాదంలో సగం పొడవే ముందుకు. మడమ ముందు ఆనాలి, తర్వాత వేళ్లు. గది చుట్టూ కుడివైపుగా తిరగండి. ఇంత నెమ్మదిగా నడిస్తే మొదట ఒళ్లు తూలుతుంది. చూపు రెండు మీటర్ల ముందు ఉంచితే నిలకడ వస్తుంది. రింజాయ్ వాళ్లు ఇదే నడకను వేగంగా చేస్తారు. మగతగా ఉన్న రోజు మీరూ అలాగే చేయండి.

పనిలోకి

ఆసనం మీద ఇరవై నిమిషాలు, మిగతా పదహారు గంటలు మామూలుగా అనుకుంటే జెన్‌లో సగం కూడా అందదు. చైనాలో బాయ్‌జాంగ్ అనే గురువు ముసలితనంలో కూడా పొలం పని మానలేదు. శిష్యులు జాలిపడి ఆయన పనిముట్లు దాచేస్తే, ఆ రోజు అన్నం ముట్టలేదు. 'ఒక రోజు పని లేకపోతే ఒక రోజు తిండి లేదు' అన్న మాట అక్కడిదే. దోగెన్ చైనాలో ఉన్నప్పుడు, మండుటెండలో పుట్టగొడుగులు ఆరబెడుతున్న ముసలి వంటాయనను చూసి 'ఈ పని ఇంకెవరికైనా చెప్పకూడదా' అని అడిగాడు. 'ఇంకొకరు నేను కాదుగా' అన్నాడాయన. ఈ సంగతిని దోగెన్ 1237లో మఠంలోని వంటవాడికోసం రాసిన రచనలో చెప్పాడు. వంట గురించి రాసినా, జెన్ గురించి అంత సూటిగా చెప్పిన రచనలు తక్కువ.

మొదలుపెట్టడానికి రోజూ చేసే ఒకే ఒక పనిని ఎంచుకోండి. నెలంతా అదే పని. అన్నీ ధ్యాసతో చేస్తానని మొదలుపెడితే మూడో రోజుకు ఏదీ మిగలదు. గిన్నె తోమడం తీసుకుందాం. పక్కన పాటలు, వీడియోలు ఏమీ వద్దు. తోమే గిన్నె ఒక్కటే చేతిలో ఉండాలి, తర్వాతి గిన్నె మీదికి చూపు పోకూడదు. నీళ్లు వేడిగా ఉన్నాయా చల్లగానా? జిడ్డున్న చోట పీచు జారుతుంది, జిడ్డు వదిలిన చోట కరకరమంటుంది. వేలి కొనకు ఆ తేడా తెలుస్తుంది. గిన్నె అంచు కింద, పిడి అతుకు దగ్గర మాడు మిగిలిపోతుంది. తొందరలో ఉన్న చెయ్యి సరిగ్గా అక్కడే వదిలేస్తుంది. కడిగి, చప్పుడు కాకుండా బోర్లించండి. చప్పుడు వచ్చిందంటే గిన్నె కిందికి చేరకముందే మీరు తర్వాతి పనిలోకి వెళ్లిపోయారన్నమాట. అంటే ఇక్కడ చప్పుడే మీ బొటనవేళ్లు. మనసు తప్పిపోతే 'ఒకటి' అనక్కర్లేదు, చేతిలోని గిన్నె బరువు దగ్గరికి రండి.

తిండి

జెన్ మఠాల్లో తినేముందు అయిదు తలపులు చదువుతారు. ఈ తిండి ఎంతమంది శ్రమతో ఎక్కడెక్కడి నుంచి వచ్చింది? దీన్ని తినడానికి నా నడత సరిపోతుందా? అత్యాశ మొదలైన దోషాలకు దూరంగా ఉంటాను. దీన్ని ఒంటిని నిలిపే మందుగా తీసుకుంటాను. మార్గం నెరవేరడానికే తింటాను. మొత్తం అరనిమిషం పని. రోజుకు ఒక పూటకు చాలు, కానీ ఆ పూట ఫోన్ వేరే గదిలో ఉండాలి. మొదటి అయిదు నిమిషాలు ఒక ముద్ద పూర్తిగా మింగాకే రెండోది కలపండి. నోట్లో ముద్ద ఉండగానే చెయ్యి తర్వాతి ముద్దను సిద్ధం చేస్తోందని చూస్తారు, అదే మనసు వేగం.

ఫోన్

ఒకదాన్నిబట్టి ఒకటి ఎలా పుడుతుందో చెప్పే బౌద్ధ సిద్ధాంతం ప్రతీత్యసముత్పాదంలో ఒక వరుస ఉంది: స్పర్శ, వేదన, తృష్ణ. అంటే ఒకటి తగలడం, దానివల్ల హాయిగానో బాధగానో అనిపించడం, ఆ అనిపించినదాన్నిబట్టి కావాలనో వద్దనో వెంటపడటం. ఫోన్ ఈ మూడింటినీ ఒక సెకనులో పూర్తి చేయిస్తుంది. టింగుమంది, ఆత్రం పుట్టింది, చెయ్యి వెళ్లిపోయింది. సాధనకు దొరికే సందు వేదనకూ తృష్ణకూ మధ్య. చేయాల్సింది ఇది: ఫోన్ చేతిలోకి తీసుకున్నాక, తెరవకముందు ఒక్క ఊపిరి పూర్తిగా వదలండి. 'ఎందుకు తెరుస్తున్నాను' అని మనసులో ఒక వాక్యంలో చెప్పండి. కారణం దొరికితే తెరవండి, ఆ పని అయ్యాక బోర్లించి పెట్టండి. కారణం దొరకకపోతే ఆ ఆత్రం ఒంట్లో ఎక్కడ ఉందో చూడండి. సాధారణంగా గొంతులోనో ఛాతీలోనో చిన్న లాగుడులా ఉంటుంది. మూడు ఊపిరులు ఆగితే అది దానంతటదే సన్నగిలడం కనిపిస్తుంది. అనిత్యం అన్న మాటను పుస్తకంలో వంద సార్లు చదివినదానికన్నా ఇది ఒకసారి కళ్లారా చూడటం ఎక్కువ. కాల్స్‌కు తప్ప ఫోన్‌లో మోగే మిగతా చప్పుళ్లన్నీ ఆపేస్తే ఈ సాధన తేలికవుతుంది. మంటలో కూర్చుని చల్లదనం నేర్చుకోనక్కర్లేదు.

మాట, కోపం

మాట ఎలా ఉండాలో బుద్ధుడు అయిదు లక్షణాలు చెప్పాడు: సమయానికి తగినదై ఉండాలి, నిజమై ఉండాలి, మృదువుగా ఉండాలి, మేలు చేసేదై ఉండాలి, మైత్రితో అన్నదై ఉండాలి. మాట్లాడేటప్పుడు అయిదూ చూసుకోవడం కష్టం. రాసేటప్పుడు కుదురుతుంది. కోపంగా రాసిన సందేశాన్ని పంపకముందు అయిదింటితో సరిచూడండి. ఎక్కువగా తప్పేది నిజం కాదు, సమయం.

రెండు బాణాల పోలిక కూడా సుత్తాల్లోదే, అంటే బుద్ధుడి బోధల్లోదే. ఒంటికి తగిలిన నొప్పి మొదటి బాణం. దాని మీద మనసు తనకు తాను వేసుకునే బాధ రెండోది. పై అధికారి నలుగురిలో తప్పు ఎత్తిచూపాడు, ముఖం వేడెక్కింది: అది మొదటిది, తప్పించుకోలేం. ఇంటికి వచ్చేదాకా 'అంత మాట అంటాడా, అప్పుడే జవాబు చెప్పాల్సింది' అని పదిసార్లు తిరగతోడటం రెండోది. ఆ తిరగతోడటంలో ఉన్నామని తెలిసినప్పుడు, కథను ఆపడానికి ప్రయత్నించవద్దు, ఆగదు. కథ వదిలి వేడి దగ్గరికి రండి: ముఖమా, మెడా, అరచేతులా? పాదాలు నేలను తాకుతున్న చోటుకు ధ్యాస దించి, అయిదు ఊపిరులు లెక్కపెట్టండి. అవతలివాడి తప్పు తప్పే. దాని గురించి మాట్లాడాల్సి ఉంటే వేడి దిగాక మాట్లాడవచ్చు. ఓర్పు పేరుతో అన్యాయాన్ని మింగడం జెన్ కాదు.

తోడు, గురువు

మూడు నాలుగు నెలలు ఇంట్లో నిలకడగా కూర్చున్నాక నెలకోసారి ఒక పూటను కేటాయించండి: ఇరవై అయిదు నిమిషాల కూర్చోవడం, అయిదు నిమిషాల నడక, ఇలా నాలుగు విడతలు, చివర్లో ఒక గంట మౌనంగా ఇంటిపని. నలుగురితో కలిసి కూర్చునే వీలుంటే ఇంకా మంచిది. పక్కన మనిషి కదలకుండా ఉంటే మన ఒళ్లు కూడా నిలుస్తుంది. గురువును వెతుక్కునేటప్పుడు ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నారో తెలుసుకోండి, పాత శిష్యులు ఆయన ముందు భయం లేకుండా ప్రశ్న అడగగలుగుతున్నారో చూడండి. డబ్బు, ఇల్లు, వైద్యం, దాంపత్యం విషయాల్లో తన మాటే వినాలనే చోటు నుంచి లేచి వచ్చేయండి.

ఏ సాధనలోనైనా ఒక వారం జారిపోతుంది: ప్రయాణం, జ్వరం, ఇంట్లో పని. మానేసిన ఏడు రోజులకు బదులుగా ఎనిమిదో రోజు గంటన్నర కూర్చోవద్దు. కాళ్లు పట్టేసి తొమ్మిదో రోజు మళ్లీ మానేస్తారు. పది నిమిషాలకే అలారం పెట్టుకుని, దిండు ముందు మూడో వంతు మీద కూర్చుని, నోటితో ఊపిరి వదిలి, ఒకటి నుంచి మొదలుపెట్టండి.